మన రాత కాపీ కొట్టినవాళ్లు గూగుల్‌లో మనకంటే పైన వస్తుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో సొంతంగా రాసుకుని సైట్ నడిపేవాళ్లు, అవి వంటలు కావచ్చు, మిద్దె తోటలు కావచ్చు, ఊరి చరిత్రలు, కథలు, పోటీ పరీక్షల నోట్సు కావచ్చు, పదే పదే అడిగే ప్రశ్నలివి. ఇది చిన్న విషయం కాదు. వారాల తరబడి కూర్చుని రాసినదాన్ని ఒకడు నిమిషంలో ఎత్తుకుపోయి, పేరు పీకేసి, దాని పక్కన యాడ్స్ పెట్టుకుంటే కడుపు మండుతుంది. మండాలి కూడా. కానీ ఆ కోపంలో చాలామంది అక్కర్లేని పనులు ముందు చేసి అసలు పని వదిలేస్తున్నారు, అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

రాసింది నేను. పైన వచ్చేది వాడు. అసలు అలా ఎలా జరుగుతుంది?

ఎవరు రాశారో గూగుల్‌కి తెలియదు కాబట్టి. ఒకే రాత నాలుగు చోట్ల కనబడితే గూగుల్ ఆ నాలుగింటినీ ఒక గుంపుగా చేర్చి, అందులో ఒకటి ఎంచుకుని చూపిస్తుంది, మిగతావాటిని దాదాపు దాచేస్తుంది. ఆ ఎంచుకున్న పేజీని కానానికల్ అంటారు. కాపీ పేజీ కానానికల్ అయిపోయే ప్రమాదం ఉందని గూగుల్ తన సహాయ పేజీల్లో తనే రాసుకుంది కూడా, అనుమతి లేకుండా మీ రాతను పెట్టుకున్న బయటి సైట్‌ని తమ అల్గారిథమ్ ఎంచుకునే సందర్భాలు ఉంటాయని. కాబట్టి ఇది మీ ఒక్కరికే జరిగిన వింత కాదు.

ఇక కాపీ గెలవడానికి కారణాలు చాలా ఉంటాయి. వాడి సైట్ పాతది, దానికి బయటినుంచి లింకులు ఎక్కువ. లేదా వాడు రోజుకి వందల పేజీలు పెడతాడు కాబట్టి గూగుల్ బాట్ (పేజీలు చదువుకుంటూ తిరిగే ప్రోగ్రాము) అక్కడికి గంటగంటకీ వెళ్తుంది, మీ దగ్గరికి వారానికోసారి వస్తుంది, అందుకని మీరు రాసింది కూడా అది ముందు వాడి దగ్గరే చూస్తుంది.

తెలుగు సైట్లకు ప్రత్యేకంగా ఇంకో కారణం ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. మీరు శీర్షికలో చక్కగా "ఉలవచారు తయారీ" అని తెలుగు లిపిలో పెట్టుకున్నారు. కాపీ కొట్టినవాడు కింద మీ వంటకాన్ని అక్షరం మార్చకుండా దింపి, పైన శీర్షికలోనూ పేజీ అడ్రస్‌లోనూ అదే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పెట్టాడు. జనం టైప్ చేసేదానికి వాడి శీర్షిక అచ్చంగా సరిపోతోంది. రాత మీది, గుమ్మం వాడిది. యూనికోడ్ (కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి) రాకముందు పాత ఫాంట్లలో పెట్టిన తెలుగు సైట్లది ఇంకా అన్యాయమైన కథ. ఆ అక్షరాలు మనిషికి తెలుగులా కనబడతాయి, గూగుల్‌కి మాత్రం అర్థంలేని గుర్తులు. అందులోంచి వ్యాసం తీసుకుని యూనికోడ్‌లోకి మార్చి పెట్టినవాడే గూగుల్ దృష్టిలో మొదటి రచయిత అయిపోతాడు. పాత వ్యాసాలు ఆ ఫాంట్లలోనో, స్కాన్ చేసిన బొమ్మలుగానో ఉండిపోయినవాళ్లు వాటిని వెంటనే యూనికోడ్‌లోకి మార్చుకోండి.

నా పోస్టు మీద తేదీ ఉంది కదా, అది చూడదా?

పేజీ మీద తేదీ ఎవరైనా ఏదైనా వేసుకోవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో గానీ బ్లాగర్‌లో గానీ ఈరోజు పెట్టిన పోస్టుకి 2015 తేదీ వేయడం రెండు క్లిక్కుల పని. అందుకే ఆ తేదీ ఒక్కటే ఎవరి ముందూ సాక్ష్యంగా నిలబడదు.

కాపీ సైట్లకు గూగుల్ పెనాల్టీ వేస్తుందంటారు కదా?

వేస్తుంది, కానీ మీరనుకున్నంత తొందరగా కాదు. 2011 జనవరిలో కాపీ సైట్ల మీద ఒక మార్పు తెచ్చారు, ఫిబ్రవరిలో నాసిరకం సైట్లను కిందికి దించే పాండా అప్‌డేట్ వచ్చింది. 2012 ఆగస్టు నుంచి ఒక సైట్ మీద సరైన కాపీరైట్ ఫిర్యాదులు ఎన్ని వచ్చాయన్నది కూడా ర్యాంకింగ్‌లో లెక్కలోకి తీసుకుంటామన్నారు. 2014 ఫిబ్రవరిలో, అప్పట్లో గూగుల్ వెబ్‌స్పామ్ విభాగం చూసిన మాట్ కట్స్, మీ అసలు పేజీని దాటేసిన కాపీలుంటే చెప్పండంటూ ఒక ఫారం పెట్టి మరీ అడిగాడు. 2024 మార్చిలో, కుప్పలు తెప్పలుగా పేజీలు తయారుచేసే సైట్ల మీద కొత్త స్పామ్ నియమాలు వచ్చాయి. ఇన్నేళ్లుగా ఇన్ని చేస్తున్నారంటేనే ఈ సమస్య పూర్తిగా తీరలేదని అర్థం. మీ ఒక్క వ్యాసం కోసం అల్గారిథమ్ దిగివస్తుందని కూర్చోకండి. 2012 నాటి మాట మాత్రం గుర్తుపెట్టుకోండి: ఒకే సైట్ మీద దెబ్బతిన్నవాళ్లందరూ ఎవరికివారు ఫిర్యాదు చేస్తే ఆ సైట్ మొత్తం కిందికి దిగే అవకాశం ఉంది.

డూప్లికేట్ కంటెంట్ అని నా సైట్‌కే పెనాల్టీ పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

పడదు. మీ రాతని వేరేవాళ్లు కాపీ కొట్టినందుకు మీకు శిక్ష వేసే నియమమేదీ గూగుల్‌లో లేదు. జరిగేదల్లా గుంపులోంచి మీ పేజీకి బదులు వేరే పేజీని ఎంచుకోవడం. నష్టం నష్టమే, కానీ మీ సైట్ మీద మచ్చేమీ పడలేదు. ఈ భయంతో సొంత వ్యాసాన్ని డిలీట్ చేసుకునేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. అది మాయమైతే మిగిలేది కాపీ ఒక్కటే.

నన్ను దాటింది నిజంగా కాపీయేనా, వేరే కారణమా? ఎలా తేల్చుకోవాలి?

మీ వ్యాసం మధ్యలోంచి, ఇంకెవరూ సరిగ్గా అలా రాయరనిపించే వాక్యం ఒకటి తీసుకోండి. "ఉడికిన ఉలవల నీళ్లు వంపేటప్పుడు గిన్నె అడుగున చేరిన చిక్కటి తేట వదలకండి" లాంటిది. దాన్ని కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకండి. మొదటి పేరాలోంచి తీసుకోకండి, ఎందుకంటే కాపీ కొట్టేవాళ్లు మార్చేది ఆ ఒక్క పేరానే. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలున్న వాక్యాలూ వద్దు. అందులో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, కాపీలో అది రాలిపోతే కోట్స్‌లో వెతికినప్పుడు దొరక్కపోవచ్చు. మీరు ఎక్కడైనా అక్షరదోషం చేసి ఉంటే ఆ వాక్యమే అన్నిటికంటే మంచిది. అదే దోషం అక్కడా కనబడితే ఇంకేం చెప్పనక్కర్లేదు. ఫలితాల చివర, ఇలాంటివే మరికొన్ని వదిలేశామన్న లైను కనబడితే దాన్ని కూడా నొక్కి చూడండి. చాలాసార్లు అసలు పేజీ ఆ వదిలేసినవాటిలోనే దొరుకుతుంది.

తర్వాత సెర్చ్ కన్సోల్ (సైట్ నడిపేవాళ్లకి గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం) తెరిచి మీ పేజీ అడ్రస్‌ని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టండి. అందులో మీరు చెప్పిన కానానికల్ ఏది, గూగుల్ ఎంచుకున్నది ఏది అని రెండు లైన్లుంటాయి. రెండోచోట వేరే సైట్ అడ్రస్ ఉంటే కాపీ మిమ్మల్ని మింగేసిందని ఖాయం. రెండూ మీ అడ్రసే అయితే గూగుల్ మీ పేజీని విడిగానే గుర్తించింది, కిందికి దిగడానికి మరేదో కారణముంది. పేజీ అసలు గూగుల్ జాబితా అయిన ఇండెక్స్‌లోనే లేదని వస్తే అది పూర్తిగా వేరే సంగతి. థీమ్ మార్చినప్పుడు ఫలితాల్లో చూపించొద్దనే నోఇండెక్స్ టిక్కు పడిపోవడం, డొమైన్ మార్చి పాత అడ్రస్‌ల నుంచి కొత్తవాటికి మళ్లించే రీడైరెక్ట్ పెట్టకపోవడం, పేజీ ఫోన్లో తెరుచుకోవడానికి యుగం పట్టడం లాంటివి చూడండి. సొంత ఇల్లు చక్కబెట్టుకోకుండా ఎన్ని ఫిర్యాదులు పెట్టినా, ఆ కాపీ పోయాక దాని చోటులోకి ఇంకో కాపీ వస్తుంది తప్ప మీరు రారు.

సరే, కాపీ అని తేలింది. మొట్టమొదట ఏం చేయాలి?

సాక్ష్యం దాచుకోండి. ఎవరితోనూ మాట్లాడకముందే. వాడి పేజీని అడ్రస్‌తో సహా స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాత వెబ్ పేజీల పాత రూపాల్ని తేదీలతో దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీ పేజీనీ వాడి పేజీనీ రెండూ సేవ్ చేయండి. అక్కడ మీ పేజీ పాత తేదీతో ఇదివరకే ఉందేమో చూడండి, ఉంటే అంతకంటే గట్టి ఆధారం లేదు, ఎందుకంటే ఆ తేదీ వేసింది మీరు కాదు. మీ డ్రాఫ్టులు, ఫోన్లో తీసిన అసలు ఫొటోలు, పోస్టు పెట్టిన రోజు ఎవరికైనా పంపిన మెయిల్ లాంటివి కూడా ఒకచోట పెట్టుకోండి.

వాళ్లకి మెయిల్ పెట్టి అడగొచ్చా?

ఒకసారి అడగండి. పేరున్న సంస్థ అయితే, లేదా ఏదో ఇష్టంకొద్దీ పెట్టుకున్న చిన్న బ్లాగు అయితే, చాలాసార్లు మర్యాదగా తీసేస్తారు. మీ పేజీ అడ్రస్, వాళ్ల పేజీ అడ్రస్, ఎప్పటిలోగా తీయాలో ఒక తేదీ, అంతే రాయండి. తిట్లు వద్దు, ఆ మెయిల్ రేపు ఎక్కడైనా చూపించాల్సి రావచ్చు. సంప్రదించడానికి మెయిల్ కూడా లేని యాడ్స్ సైట్ అయితే ఈ మెట్టు వదిలేయండి. "క్రెడిట్ ఇస్తాం, ఉంచుకోనివ్వండి" అంటే మాత్రం నా మాట ఒప్పుకోవద్దనే. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో మీ పేరు వేసినంత మాత్రాన గూగుల్‌లో మీ చోటు మీకు రాదు.

గూగుల్‌కి ఫిర్యాదు ఎలా చేయాలి?

అన్నిటికంటే పనికొచ్చే పని ఇదే, కాబట్టి నిదానంగా చదవండి. గూగుల్ అమెరికా కంపెనీ, అక్కడ 1998లో వచ్చిన డీఎంసీఏ అనే చట్టం ప్రకారం కాపీరైట్ ఫిర్యాదులు తీసుకుంటుంది. మీరు నెల్లూరులో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా పెట్టొచ్చు, లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. గూగుల్ లీగల్ సహాయ విభాగంలో ఏ సేవ గురించి ఫిర్యాదో మొదట అడుగుతుంది. మామూలుగా గూగుల్ సెర్చ్ ఎంచుకుంటాం. కాపీ బ్లాగర్ సైట్‌లో ఉంటే మాత్రం బ్లాగర్ కూడా విడిగా ఎంచుకుని ఇంకో ఫిర్యాదు పెట్టండి, ఎందుకంటే సెర్చ్ ఫిర్యాదుతో ఫలితాల్లోంచి మాత్రమే పోతుంది, బ్లాగర్ ఫిర్యాదుతో ఆ పోస్టే పోతుంది. వాడి పేజీలో యాడ్‌సెన్స్ (సైట్లకి డబ్బులిచ్చే గూగుల్ యాడ్స్ సేవ) యాడ్స్ ఉంటే దానికీ విడిగా దారి ఉంది. 2018లో యాడ్‌సెన్స్ తెలుగుకి వచ్చాక ఈ దొంగతనానికి డబ్బు తోడైంది, కాబట్టి ఆ వైపు ఫిర్యాదు వాడికి బాగా తగులుతుంది.

ఫారంలో మూడు పెట్టెలు ముఖ్యం. మొదటిది, మీ రచన ఏమిటో వర్ణించమంటుంది. "నా కంటెంట్ దొంగిలించారు" అని రాస్తే ఏమీ తేలదు. "ఉలవచారు తయారీ గురించి నేను తెలుగులో రాసిన వ్యాసం, అందులోని ఎనిమిది పేరాలూ నేను తీసిన నాలుగు ఫొటోలూ యథాతథంగా వాడారు" అని రాసి, కాపీ అయిన రెండు మూడు వాక్యాలు కూడా అతికించండి. చూసే మనిషికి తెలుగు రాకపోవచ్చు, అందుకని వర్ణన ఇంగ్లీషులో రాసి, వాక్యాలు మాత్రం తెలుగులో పెడితే అక్షరాలు పోల్చి చూసుకుంటారు. రెండోది, అసలు రచన ఉన్న అడ్రస్, అంటే మీ వ్యాసం పేజీ, మీ హోమ్ పేజీ కాదు. మూడోది, కాపీ ఉన్న అడ్రస్. ఇక్కడా అంతే, వాడి సైట్ పేరు ఇస్తే సరిపోదు, ఒక్కో పేజీ అడ్రస్ ఒక్కో లైనులో ఇవ్వాలి. ఫొటోలు కూడా పోయి ఉంటే వాటి అడ్రస్‌లు విడిగా ఇవ్వండి. చివర్లో, చెప్పిందంతా నిజమని ప్రమాణం చేస్తూ సంతకం చోట పేరు టైప్ చేస్తారు. అది ఉత్తుత్తి టిక్కు కాదు, తెలిసి అబద్ధం చెబితే అదే చట్టంలోని 512(ఎఫ్) కింద నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు.

నా పేరు బయటపడుతుందా?

పడొచ్చు. గూగుల్ తనకు వచ్చిన ఫిర్యాదుల కాపీలు ల్యూమెన్ అనే బహిరంగ డేటాబేస్‌కి పంపుతుంది. ఫోన్ నంబరు, మెయిల్ లాంటివి చెరిపేస్తారు, కానీ ఫిర్యాదు చేసినవారి పేరు కనబడే వీలుంది. మారుపేరుతో రాసేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఈ విషయం ముందే ఆలోచించుకోండి. మీ తరఫున వేరొకరిని ప్రతినిధిగా పెట్టి ఫిర్యాదు చేయించవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది.

వాడు "ఇది నాదే" అని ఎదురు నోటీసు ఇస్తే?

అప్పుడు గూగుల్ తీర్పరిగా కూర్చోదు. మీరు కోర్టుకి వెళ్లినట్టు చూపించకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో ఆ పేజీని తిరిగి పెట్టవచ్చు. యాడ్స్ కోసం కాపీ కొట్టేవాళ్లకి తమ అసలు పేరు, చిరునామా ఇచ్చి, కోర్టుకి లోబడతామని రాసి సంతకం పెట్టే ధైర్యం సాధారణంగా ఉండదు.

కాపీ కొట్టినవాడే నా మీద ఫిర్యాదు చేసి నా పేజీ తీయించాడు!

ఇది అన్నిటికంటే దుర్మార్గం, జరుగుతోంది కూడా. వ్యాసాన్ని ఎత్తుకుని, వెనకటి తేదీ వేసి, అసలుదే కాపీ అని నోటీసు ఇస్తారు. దొంగ నోటీసులతో లక్షకు పైగా వెబ్ పేజీల మీద ఫిర్యాదులు చేశారని 2023 నవంబరులో గూగుల్ స్వయంగా కాలిఫోర్నియాలో కేసు వేసింది. మీకిది జరిగితే సెర్చ్ కన్సోల్‌లో నోటీసు వస్తుంది, అందుకే సెర్చ్ కన్సోల్ లేనివాళ్లు ఈరోజే పెట్టుకోండి. అందులోంచే ఎదురు నోటీసు దారి ఉంటుంది. వేబ్యాక్ మెషీన్ తేదీ ఇక్కడే ప్రాణం కాపాడుతుంది.

హోస్టింగ్ వాళ్లకి కూడా చెప్పాలా?

చెప్పాలి, అంటే వాడి సైట్‌ని తమ కంప్యూటర్లలో ఉంచేవాళ్లకి. గూగుల్‌లోంచి పోయినా వాడి సైట్‌లో ఆ పేజీ అలాగే ఉంటుంది, వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. హూఈజ్ (సైట్ పేరు ఎవరిదో చూపే సేవ) వివరాల్లో హోస్ట్ బదులు, సైట్ల ముందు అడ్డుగా నిలిచే క్లౌడ్‌ఫ్లేర్ పేరు కనబడితే నిరాశపడకండి. వాళ్ల అబ్యూజ్ ఫారంలో ఫిర్యాదు ఇస్తే, దాన్ని అసలు హోస్ట్‌కి పంపి, ఆ హోస్ట్ ఎవరో మీకు చెబుతారు.

మన చట్టంలో ఏముంది? కాపీరైట్ రిజిస్టర్ చేయించుకోలేదు.

అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది, అంతవరకే. 57వ సెక్షన్ ఇంకో మంచి మాట చెబుతుంది, హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నేను రాసింది అని చెప్పుకునే హక్కు రచయితది. 62వ సెక్షన్ కింద మీరు నివసించే ప్రాంతపు జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు, కాపీ కొట్టినవాడి ఊరు వెతుక్కుంటూ పోనక్కర్లేదు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. 2013 కాపీరైట్ రూల్స్‌లోని 75వ రూల్ ప్రకారం ఆ పేజీకి చోటిచ్చిన సంస్థ ఫిర్యాదు అందిన 36 గంటల్లో లింకు ఆపాలి, 21 రోజుల్లో మీరు కోర్టు ఆర్డరు తేలేకపోతే వాళ్లు తిరిగి తెరుచుకోవచ్చు. ఒక్క వ్యాసానికి కోర్టుదాకా వెళ్లడం అందరికీ అయ్యే పని కాదు. మీ సైట్ మొత్తాన్ని దించేసి సంపాదిస్తున్నవాడైతే లాయరు నోటీసు మాత్రం తప్పకుండా ఇప్పించండి.

నా సైట్‌లో ఉన్నదంతా నాదేనా? స్తోత్రాలు, నోటిఫికేషన్లు కూడా?

కాదు, ఇక్కడ చాలామందికి మనసు కష్టపడుతుంది. విష్ణు సహస్రనామం మొత్తం మీరు కూర్చుని టైప్ చేశారు, కళ్లు నొప్పెట్టాయి, నిజమే. కానీ మూలం ఎవరి సొత్తూ కాదు, టైప్ చేసిన శ్రమకి కాపీరైట్ రాదు. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, శ్రమ ఒక్కటే చాలదు, కొంతైనా సృజన ఉండాలంది. మీరు సొంతంగా రాసిన తాత్పర్యం మీది. అలాగే ఉద్యోగ ప్రకటనలోని ఖాళీల సంఖ్య, ఆఖరు తేదీ ఎవరైనా వేసుకోవచ్చు, దాన్ని మీరు వివరించిన తీరు మీది. వంటలో పప్పు కప్పు, చింతపండు నిమ్మకాయంత అన్న జాబితా మీది కాదు, చేసే విధానం మీ మాటల్లో చెప్పిన పేరాలు, ఫొటోలు మీవి. వికీపీడియా నుంచి మీరే తెచ్చిన భాగముంటే దానిమీద అసలు ఫిర్యాదు చేయకండి, పేరు చెప్పి అదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చు.

అక్షరం అక్షరం కాదు, ఏఐతో తిరగరాసి పెట్టారు. ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగు చేశారు.

అనువాదం సంగతి తేలిక. అనువాదం చేసే హక్కు కూడా 14వ సెక్షన్ ప్రకారం రచయితదే, కాబట్టి ఫిర్యాదు చేయొచ్చు. తిరగరాయడం కష్టమైనది. ఆలోచనకి కాపీరైట్ లేదు, చెప్పిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరాల వరుస, ఉదాహరణలు, మీ సొంత అనుభవం కూడా అలాగే దిగి ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తూ ఫిర్యాదు చేయండి, గ్యారంటీ మాత్రం లేదు. ఒకచోట మా అమ్మమ్మ పేరుతో రాసిన చిట్కా వేరే సైట్‌లో "నిపుణుల సలహా" అయిపోయి కనబడింది. ఇలాంటి గుర్తులే పట్టిస్తాయి. ఫిర్యాదు నిలవకపోతే స్పామ్ రిపోర్టు ఫారం ఉంది, దాంట్లో ఆ సైట్ మొత్తం ఇలాగే తయారవుతోందని ఉదాహరణలతో చెప్పండి.

నేనే ఒక పత్రికకి వ్యాసం ఇచ్చాను. ఇప్పుడు వాళ్ల సైటే పైన వస్తోంది.

ఇది దొంగతనం కాదు, ఒప్పందంలో లోటు. ఇచ్చేముందే వాళ్ల పేజీకి నోఇండెక్స్ పెట్టమని అడగండి, గూగుల్ 2023 నుంచి చెబుతున్న సలహా ఇదే, అసలు పేజీ ఏదో చెప్పే కానానికల్ ట్యాగ్ ఒక్కటే సరిపోదంది. ఒప్పుకోకపోతే మీ సైట్‌లో ముందు పెట్టి, అది ఇండెక్స్ అయ్యాకే ఇవ్వండి.

రైట్ క్లిక్ ఆపేస్తే కాపీ ఆగుతుందా?

ఆగదు. కాపీ కొట్టే ప్రోగ్రాములు మౌస్ వాడవు. ఇబ్బంది పడేది ఫోన్లో మీ వ్యాసంలోని మాట ఒకటి సెలెక్ట్ చేసుకుని అర్థం వెతుక్కునే మామూలు పాఠకుడు.

మరి ముందు జాగ్రత్తగా ఏం చేయొచ్చు?

ఆటోమేటిక్ కాపీలు ఎక్కువగా, మీ కొత్త పోస్టుల్ని ప్రోగ్రాములకి అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ నుంచి జరుగుతాయి. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద ఫీడ్‌ని పూర్తి పాఠం నుంచి సారాంశానికి మార్చండి, బ్లాగర్‌లోనూ ఇలాంటి సెట్టింగే ఉంది. వ్యాసం మధ్యలో మీ పాత వ్యాసాలకు పూర్తి అడ్రస్‌తో లింకులివ్వండి. ప్రోగ్రాము వాటిని కూడా మోసుకుపోతుంది, అప్పుడు కాపీ పేజీలోంచే మీకు లింకు వస్తుంది. ప్రతి పేజీకీ సొంత కానానికల్ ట్యాగ్ ఉండాలి. పోస్టు పెట్టగానే సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ అడగండి, వేబ్యాక్‌లో సేవ్ చేయండి. శీర్షికలో తెలుగు లిపితోపాటు జనం టైప్ చేసే ఇంగ్లీషు అక్షరాల రూపం కూడా ఒకసారి రానివ్వండి, భాష మీద ప్రేమున్నవాళ్లకి ఇది రుచించదని తెలుసు, అయినా ఆ తలుపు దొంగకి వదిలేయడం నాకు ఇష్టంలేదు.

ఉన్న కాపీలన్నిటి వెంటా పడాలా?

వద్దు. ఫలితాల్లో ఎక్కడో ఐదో పేజీలో ఉన్నదాన్ని వదిలేయండి. మిమ్మల్ని దాటినవి, మీ పేరు పీకేసి తమ పేరు వేసుకున్నవి, మీ ఇంట్లోవాళ్ల ఫొటోలు వాడినవి, ఈ మూడు రకాలకే సమయం పెట్టండి.

కాపీ పోయింది, అయినా నా పేజీ పైకి రాలేదు.

గూగుల్ మీ పేజీని మళ్లీ వచ్చి చూడాలి, ఆ గుంపుని మళ్లీ లెక్కేయాలి. రోజులు పట్టొచ్చు, చిన్న సైట్లకి వారాలు కూడా. యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో మళ్లీ ఇండెక్సింగ్ అడిగి, గూగుల్ ఎంచుకున్న కానానికల్ లైన్లో ఎవరి అడ్రస్ ఉందో అప్పుడప్పుడూ చూస్తుండండి. అక్కడ మీ అడ్రస్ వచ్చేసినా ర్యాంకు రాకపోతే, ఇక ఆ కాపీని మర్చిపోయి, మీ పైన ఉన్న మిగతా పేజీలు పాఠకుడికి మీకంటే ఎక్కువగా ఏమిస్తున్నాయో తెరిచి చదవండి.